కేబులు మెడలో దిష్టిమూట

కప్పగల్లు దారిలో టిప్పర్ తొట్లు చేసే రేకుల షెడ్డులో క్రేన్ నుంచి బటన్ల డబ్బాకు దిగే కేబులు మళ్లీ చచ్చింది. మనిషి పోతే మొహం చూస్తేనే తెలుస్తుంది. కేబులు అట్లా కాదు. పైకి కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఊపిరి ఉండదు.

నేత్రావతి ‘పైకి’ బటన్ నొక్కింది. పలకలేదు. వేలు తీసి, చీర మీద తొడుక్కున్న మగచొక్కాకు చెమట తుడుచుకుని మళ్లీ నొక్కింది. క్రేన్ నిద్రలో పక్కకు తిరిగినవాడిలా ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. ఖనిజం లారీకి ఎక్కాల్సిన కొత్త తొట్టి అప్పటికే మోకాలెత్తు లేచి, గొలుసులకు వేలాడుతూ, లేచినట్టూ కాక దిగినట్టూ కాక నిలిచిపోయింది.

“జరగండప్పా! తొట్టి కింద కాలు పెట్టొద్దండి ఎవురూ” అని అరిచింది ముందు. బటన్ల డబ్బా చేతిలో ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది కేబుల్ని కాదు, కింద ఉన్న కాళ్లని. ఆ సంగతి ఆమెకు ఎవరూ రెండుసార్లు చెప్పాల్సిన పని పడలేదు.

వెల్డర్లు మొహాలకు అడ్డం పెట్టుకున్న ముసుగులు పైకెత్తారు. మౌనేష్ అనే వెల్డరు “మళ్లీనా!” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు గానీ, ఉన్నట్టే వినపడింది. సూపర్‌వైజరు చిదానంద టీ గ్లాసుతోనే తన గదిలోంచి బయటికొచ్చాడు. వచ్చి తొట్టిని చూశాడు, కేబుల్ని చూశాడు, చివరికి నేత్రావతిని చూశాడు. చివరి చూపే ఎక్కువసేపు ఉంది.

“హుసేనప్పని పిలవండి” అన్నాడు.

ఎలక్ట్రీషియన్ హుసేనప్ప పక్కనే ఉన్నాడు. కటింగ్ ప్లయరు జేబులోనే ఉంది. అయినా ముందుకు రాలేదు. ఎందుకంటే ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. జంబన్న వచ్చి మూట విప్పేదాకా కేబులు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

జంబన్న ఆ షెడ్డులో గొలుసులు కట్టే మేస్త్రీ. వయసు ఎంత అంటే, బళ్లారి కోటకు రాళ్లు మోసినవాళ్లకు మధ్యాహ్నం అన్నం తానే పెట్టానని చెప్పేంత. ఎంత బరువైనా, ఎంత వంకర సామానైనా ఆయన గొలుసు కడితే జారదు. ఆయన నోట్లోంచి వచ్చే కథ మాత్రం ఎన్నడూ కుదురుగా నిలబడదు. ఇప్పుడు చెప్పులు విడిచి, తలపాగా సర్దుకుని, సుంకులమ్మకు దండం పెట్టుకుంటూ వచ్చాడు. డబ్బాకు మూరెడు పైన, కేబుల్‌కి వేలాడుతున్న ఎర్రగుడ్డ మూటను పురిటిబిడ్డను దించినట్టు దించాడు. దిష్టిమూట. అందులో ఒక టెంకాయ, పటిక గడ్డ, గుర్రపు నాడా, బయట దండగా నిమ్మకాయలు, మిరపకాయలు. చుట్లు విప్పి, బైండింగ్ వైరు జేబులో దోపుకుని, మూటను గోడగూట్లో పెట్టాక, “ఊఁ, ఇంక నీ వైద్యం చేసుకో హుసేనప్పా” అన్నాడు.

హుసేనప్ప టెస్టర్‌తో ఈ చివర ఆ చివర తాకించి చూసి, పెదవి విరిచాడు. “లోపల యాడనో తెగింది సార్. మొత్తం మార్చల్ల.”

“ఆయ్తు, మారుద్దాం” అన్నాడు చిదానంద. మిగిలిన టీ నేల మీద పోసి లోపలికి వెళ్లాడు.

*

కొత్త కేబులు మరుసటి రోజు వచ్చింది. బళ్లారి కొట్లో దొరక్క హుబ్బళ్లి నుంచి తెప్పించారట. హుసేనప్ప ఆ చుట్టను బల్ల మీద పెట్టి, పిల్లకు సంబంధం చూసేవాడిలా అటు తిప్పి ఇటు తిప్పి మురిసిపోయాడు.

“చూడు నేత్రావతీ. మొదట వేసింది మామూలు నల్లది. లోపల తీగలు లావు. ఒకచోట కదలకుండా ఉండమంటే ఉంటాది, వంచితే అలుగుతాది. తర్వాత బూడిదరంగుది, లోపల తలెంట్రుకల మాదిరి రాగిపోగులు, వంగేదానికే పుట్టింది. ఆ పైన రబ్బరు తొడుగుది, ఎండకూ నూనెకూ జంకదు. ఇది ఉండాదే, ఇది వాటన్నిటికీ నాయన. ఇదో, రెండు పక్కలా రెండు ఉక్కుతాళ్లు. డబ్బా బరువు ఉక్కు మోస్తాది. నువ్వు నొక్కిన మాట రాగి మోస్తాది. ఒకరి పని ఒకరికి అంటదు.”

“మా ఇంట్లోనూ అంతే కదప్పా” అన్నాడు గొలుసు మీద కూర్చున్న జంబన్న. “బరువంతా నాది, మాటలన్నీ మా ముసల్దానివి. అందుకే ఇన్నేండ్లు తెగలే.”

“నువ్వా తాతా, మాటలు లేనోనివి?” అంది నేత్రావతి.

అందరూ నవ్వారు. చిదానంద నవ్వలేదు. ఆయన చుట్ట దగ్గరికొచ్చి, ఉక్కుతాడు కొస గోటితో గీకి చూశాడు.

“నోడు, చూడు నేత్రావతీ. మంచి రకం, ఇంకా మంచి రకం, అన్నీ వేసినాం. కేబులు మారింది, డబ్బా మారింది, పైన పుల్లీ కూడా మార్చినాం. యల్లేష్ క్రేన్ నడిపినప్పుడు పాత కేబులే ఏండ్లకేండ్లు వచ్చింది. వాడు పెద్ద ఫ్యాక్టరీకి పోయినాక, డబ్బా నీ చేతికి వచ్చినాక, ఈ కథ మొదలు. ఇంక మార్చనిది ఏముండాది? చెయ్యి ఒకటే.”

ఆయన అరవలేదు. అరిస్తే ఎదురు అరవొచ్చు. లెక్క చెప్పినట్టు నిమ్మళంగా చెప్పాడు. నేత్రావతి తన చేతిని చూసుకుంది. మామూలు చెయ్యే. చీపురు పట్టింది, సుత్తి పట్టింది, ఏడాదిగా బటన్లు పట్టింది.

“నేను కేబులు పట్టి లాగను సార్. డబ్బానే పట్టుకుంటా.”

“నువ్వు లాగుతాండావని నేను అన్లే. అమావాస్య పూజ అయిపోనీ. ఆ పొద్దు మొదటి ఎత్తు ఎత్తేటప్పుడు కేబులు పలకలేదంటే, డబ్బా మౌనేష్‌కి. నువ్వు స్లాగ్ పనికి పో. సాకు, చాలు, ఇంక నేను సావుకారుకు జవాబు చెప్పలేను.”

స్లాగ్ పనంటే వెల్డింగు గీత మీద పేరుకునే నల్లపెంకును సుత్తితో కొట్టి రాల్చే పని. నేత్రావతి అక్కడినుంచే వచ్చింది. పొద్దు గుంకేసరికి ముక్కులో మసి, చెవుల్లో గణగణ, మునగదీసుకుని కూర్చుంటే నడుం విరిగి రెండయ్యేది. డబ్బా చేతికొచ్చాక నిలువునా నిలబడి పనిచేస్తోంది. ఆమె బొటనవేలు కదిలితే ఏనుగంత తొట్టి లేస్తుంది. కూతురు ఆశ బళ్లో “మా అమ్మ లారీని ఎత్తుతాది” అంటే టీచరమ్మ నమ్మలేదట. “చేత్తోనా?” అని అడిగిందట. “వేలితో” అందట పిల్ల.

“చిదానందప్పా” అన్నాడు జంబన్న లేచి. “చెయ్యి తప్పు కాదు, కన్ను తప్పు. ఈ దారిన పోయే లారీవాళ్లంతా ఆడపిల్ల క్రేన్ నడుపుతాందని గేటు కాడ నిలబడి నోరు తెరుచుకోని చూస్తాండారు. యల్లేష్‌గాని మొకం ఎవడు చూసినాడు? ఆని మూతి చూసి దిష్టే పారిపోయేది. నిమ్మకాయ, నూలుదారం సరిపోతాండె. ఈ పిల్లకు సరిపోదు. అందుకే నాడా, పటిక, టెంకాయ చేర్చినా. దారం తెగి పిల్ల నెత్తిన పడుతుందని బైండింగ్ వైరుతో బిగించినా. ఈ అమావాస్యకు ఇంకా గట్టిది కడతా, చూడు.”

“నీ పూజలకే సగం పొద్దు పోతాంది పెద్దాయనా” అన్నాడు చిదానంద. “గేటు కాడ స్టూలు వేస్తా, కూచోని కథలు చెప్పుకో అంటే వినవు.”

అది తమాషాగానే అన్నాడు. జంబన్న కూడా తమాషాగానే “స్టూలు వద్దప్పా, సింహాసనం వేయి” అన్నాడు. కానీ గొలుసు సర్దే ఆయన వేళ్లు ఒక్కక్షణం ఆగాయి. నేత్రావతి చూసింది.

హుసేనప్ప కొత్త కేబులు బిగించాడు. ఉక్కుతాళ్లను పైన కొక్కేనికి, కింద డబ్బా చెవులకు కట్టాడు. బరువంతా వాటి మీద పడేట్టు, రాగి వదులుగా ఉండేట్టు చూసుకున్నాడు. ఆయన నిచ్చెన దిగి అటు పోగానే జంబన్న చెప్పులు విడిచి ఇటు వచ్చాడు. మూట మళ్లీ ఎక్కింది. డబ్బాకు మూరెడు పైన, కళ్లకద్దుకుని, రెండు చుట్లు, ఎడమకు ఒక మెలి.

*

రెండు రోజులు కేబులు రాజులాగే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం ‘పైకి’ నొక్కితే క్రేన్ ఒకసారి తడబడింది. బడి ఎగ్గొట్టిన పిల్లవాడు జవాబు చెప్పేముందు గుటకేసినట్టు, ఒక్క గుటక. తర్వాత లేచింది.

నేత్రావతి వేలు తీసేసింది. చుట్టూ చూసింది. ఎవరూ గమనించలేదు. మౌనేష్ వెల్డింగు నిప్పురవ్వల్లో తలదూర్చి ఉన్నాడు.

ఆమె డబ్బా పట్టుకుని తొట్టి పక్కన నడిచింది. నడుస్తుంటే మూట ఊగుతుంది. ఊగినప్పుడల్లా క్రేన్ తడబడింది. పాపం ఎర్రమూట, మనిషి మెడలో గంట కట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. మొహానికి తగలకుండా ఎడమచేత్తో కింది నుంచి ఎత్తి పట్టుకుంది. క్రేన్ బుద్ధిగా లేచింది. మూట వదిలింది. క్రేన్ తడబడింది. మళ్లీ పట్టుకుంది. బుద్ధిగా లేచింది.

‘అమ్మా, సుంకులమ్మా, నీ మూట మోస్తే గానీ కరుణించవా?’ అనుకుంది. అంతకుమించి ఆ పొద్దు ఏమీ అనుకోలేదు. సాయంత్రందాకా కుడిచేత్తో బటన్లు, ఎడమచేత్తో మూట. భుజం పీకింది. అయినా పని ఆగలేదు. డబ్బాను కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కుంటుంటే జంబన్న వెనక నుంచి వచ్చాడు.

“ఏమ్మా నేత్రా, మూటను మోస్తాండావు, అంత భక్తా?”

“నీ మీద భక్తి తాతా.”

“అయితే ఇంటికి రా. మా ముసల్ది నీకు గోంగూర పచ్చడి పెట్టింది. అట్లే నా కొత్త మంచం చూద్దువు. మైసూరు మహారాజుకు కూడా లేదు అట్లాంటి మంచం.”

*

జంబన్న ఇల్లు కప్పగల్లు ఊరి మొదట్లో, రోడ్డుకు ఇవతల. వాకిట్లో మంచం వేసి ఉంది. నవారు కాదు, నులక కాదు. షెడ్డులో చచ్చిన కేబుళ్లన్నీ తెచ్చి అల్లేశాడు. తలదిక్కు నల్లది, నడుమ బూడిదరంగుది, కాళ్లదిక్కు రబ్బరుది. ఆయన పెళ్లాం లోపల పచ్చడి డబ్బాలోకి తోడుతోంది.

“కూచో, కూచో. జంకొద్దు. దీని మీద ఏనుగు పండుకున్నా కిర్రుమనదు” అని, తాను ఎదురుగా అరుగు మీద చతికిలబడ్డాడు. ఆయన పక్కన రేపటి అమావాస్యకు సిద్ధం చేసిన కొత్త మూట ఉంది. పాతదానికి రెట్టింపు. టెంకాయకు తోడు లారీ బోల్టు ఒకటి కూడా చేర్చాడు, చెయ్యి తిరిగిన వంటవాడు పైన మసాలా చల్లినట్టు. “తాడు అంటే నాకు మా నాయన గుర్తొస్తాడమ్మా. కెంచనగుడ్డ కాడ తుంగభద్రలో పుట్టి, అదే బుట్టపడవ, నడిపేటోడు. ఒక ఏడు వరద వచ్చింది చూడు, నది రెండు ఊర్లను పలకరించి మూడో ఊరికి పోతాంది. అప్పుడు మా నాయన పుట్టిని గట్టున చింతచెట్టుకు కట్టినాడు. తాడు అవతలి కొస మొసలి నోట్లో పడింది.”

“మొసలా?”

“మొసలంటే మొసలా! దాని వీపు మీద రెండు ఎకరాల వరి నాటొచ్చు. అది అటు గుంజుతాంది, చెట్టు ఇటు గుంజుతాంది. తాడు తెగదు. అంత గట్టి తాడు. గుంజీ గుంజీ చివరికి నది నిలబడిపోయింది. నీళ్లు ముందుకు పోలేక వెనక్కి చూస్తాండాయి. ఊరంతా కొడవళ్లు తీసకొచ్చింది. తెంచు, తెంచు అని అరుపులు...”

నేత్రావతి నవ్వుతూ మంచం అల్లికను చేత్తో రాస్తోంది. పిల్లను ఊపే తల్లులకు ఉండే అలవాటు అది, చెయ్యి ఊరికే ఉండదు. నల్ల కేబులు మీద రాస్తుంటే వేలికి ఒకచోట గుంట తగిలింది. చూసింది. తొడుగు మీద రెండు చుట్ల నొక్కు, పక్కనే ఎడమకు మెలి తిప్పిన గుర్తు. అక్కడ కేబులు చచ్చిన పాము మెడలా వాలిపోయింది. ఇవతల అవతల మాత్రం బిర్రుగానే ఉంది.

ఆమె చెయ్యి బూడిదరంగు దాని మీదికి పోయింది. వెతికింది. రెండు చుట్లు. ఎడమకు మెలి. రబ్బరు దాని మీదికి పోయింది. రబ్బరు మెత్తన కదా, గుర్తు ఇంకా లోతుగా దిగింది.

మధ్యాహ్నం తన ఎడమచేతి మీద ఊగిన బరువు మళ్లీ అరచేతికి తెలిసింది. దేవుడు కరుణించడం కాదు అది. మూటను ఎత్తి పట్టుకుంటే మెడ మీద భారం తగ్గింది, మాట పలికింది. వదిలితే వైరు బిగించినచోటే వంగి, వంగి, లోపల ఒక్కొక్క రాగిపోగే తెగుతూ వచ్చింది. జంబన్న పాపం ఒక్కొక్క కేబులు చచ్చినప్పుడల్లా భయపడి మూట పెంచాడు. మూట పెరిగేకొద్దీ కేబులు తొందరగా చచ్చింది.

తన నెత్తిన పడకూడదని కట్టిన వైరు.

నేత్రావతి కథ వినడం మానేసింది. రేపు పొద్దున్నే చిదానంద దగ్గరికి పోయి, ఇదో సార్, చెయ్యి కాదు, మూట, అని చెప్పొచ్చు. డబ్బా నిలుస్తుంది. ఆ మాట షెడ్డంతా పాకుతుంది. ఈ ముసలాయనను గేటు కాడ స్టూలు మీద కూర్చోబెడతారు. ఇన్నేళ్లు గొలుసు కట్టిన మనిషి వచ్చే పోయే లారీలకు గేటు తీస్తాడు. మౌనేష్‌లాంటివాళ్లు పోతూ వస్తూ “ఏం తాతా, దిష్టి యట్ల ఉండాది?” అంటారు. చెప్పకపోతే రేపు ఆ కొత్తమూట కేబులు మెడకు ఎక్కుతుంది. మొదటి ఎత్తే ఆఖరి ఎత్తు. యల్లేష్ పోయిన రోజు, అందరూ మాకొద్దన్న ఆ డబ్బాను తీసి “పట్టుకో నేత్రా, అది కరవదు” అని తన చేతిలో పెట్టింది ఈ మనిషే.

“తాతా.”

“...అప్పుడు మా నాయన కొడవలి తీసుకున్నాడు చూడు...”

“తాతా, ఈ మంచంలో ఒకచోట ఒత్తుకుంటాంది. చూస్తావా?”

జంబన్న లేచొచ్చాడు. నేత్రావతి ఆయన బొటనవేలు పట్టుకుని నల్ల కేబులు గుంట మీద పెట్టింది. ఆయన వేలు అక్కడ ఆగింది. గొలుసులు కట్టే వేలు. దానికి ముడి తెలుసు. తన ముడి ఇంకా బాగా తెలుసు. ఆమె ఏమీ అనకుండా ఆ వేలిని బూడిదరంగు దాని మీదికి, తర్వాత రబ్బరు దాని మీదికి తీసుకుపోయింది.

చాలాసేపు జంబన్న నోట మాట లేదు. ఆయన నోట మాట లేకపోవడం కప్పగల్లు ఊరు ఎన్నడూ ఎరగదు. లోపల పెళ్లాం పచ్చడి తోడడం ఆపి, “ఏమాయెనే, ముసలోడు బతికే ఉన్నాడా?” అని కేక వేసింది.

“ఎలుక కొరికింటాది” అన్నాడు జంబన్న ఎట్టకేలకు. నేత్రావతి వైపు చూడలేదు.

“అయింటాది తాతా” అంది నేత్రావతి.

పచ్చడి డబ్బా తీసుకుని వచ్చేసింది. రోడ్డు దాటాక వెనక్కి చూసింది. ఆయన మంచం దగ్గరే నిలబడి ఉన్నాడు, కథలో మొసలిని తాడు కొసనే వదిలేసి.

*

అమావాస్య పొద్దున షెడ్డు కడిగి ముగ్గులు పెట్టారు. క్రేన్ స్తంభాలకు అరటి పిలకలు, తొట్లకు పసుపుబొట్లు. బూడిద గుమ్మడికాయ గేటు ముందు పగిలింది. చిదానంద కొత్త చొక్కా వేసుకొచ్చి ముందు నిలబడ్డాడు. మౌనేష్ కూడా ఉతికిన బట్టలతో వచ్చాడు. డబ్బా తన చేతికి వస్తుందని ఎవరో చెప్పారు గామోసు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకున్నాడు.

నేత్రావతి డబ్బా దగ్గర నిలబడింది. రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. చెప్పాలో వద్దో ఇంకా తేలలేదు. పాత మూట కేబులు మెడలోనే ఉంది. గాలికి ఊగుతోంది.

జంబన్న కొత్త మూట నెత్తిన పెట్టుకుని, సంగీతం లేని ఊరేగింపులా ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడిచాడు. మూట దించాడు. కేబులు దగ్గరికొచ్చాడు. చెయ్యి పైకెత్తాడు. ఆయన చేతులు పాత మూట విప్పాయి. కొత్తది ఎత్తలేదు. అందరి వైపూ తిరిగాడు.

“పూజకు ముందు ఒక మాట అప్పా. రాత్రి నాకు సుంకులమ్మ కల్లోకి వచ్చింది.”

“ఆయ్తు, మొదలు” అన్నాడు చిదానంద.

“యట్ల వచ్చింది అనుకున్నారు? నడిచి రాలే. మన క్రేన్ దూలం మీద కాళ్లు వేలాడేసుకోని కూచోని వచ్చింది. ఒక్కొక్క కాలికడియం టిప్పర్ చక్రమంత ఉండాది. వస్తానే నా చెవు పట్టింది. ‘ఒరే జంబా, నీకు బుద్ధి ఉండాదా? నా టెంకాయ, నా పటిక, నా నాడా తీసకపోయి ఆ కేబులు మెడకు ఉరి బిగిస్తివే! పాపం అది మాట మోసేది కదా. నీ మెడకు ఇసురురాయి కట్టి కథలు చెప్పమంటే చెప్తావా?’ అనింది. నేను అంటి, ‘తల్లీ, నాకు మెడకు రాయి కట్టినా కథ ఆగదు’ అని. ‘నీది ఆగదు, దానిది ఆగుతాది, మూసుకో’ అనింది.”

వెల్డర్లు గొల్లుమన్నారు. మౌనేష్ కూడా నవ్వాడు. హుసేనప్ప నవ్వలేదు. కేబుల్ని తలెత్తి చూస్తున్నాడు.

“జంబన్నా, మూట సరిగ్గా యాడ కట్టింటివి?”

“ఈడ” అని జంబన్న వేలు పెట్టి చూపించాడు.

“కట్టినచోటు నేను దగ్గర నుంచి చూసిందే లేదు” అన్నాడు హుసేనప్ప తనకు తాను చెప్పుకున్నట్టు. “నేను చెయ్యి వేసేలోపల విప్పేస్తావు. నేను పోయినాక కట్టేస్తావు.” మెయిన్ ఆపి, కత్తి తీసి, ఆ వేలు ఉన్నచోట తొడుగు చీల్చాడు. ఉక్కుతాళ్లు రెండూ చెక్కుచెదరలేదు. వాటి మధ్య రాగిపోగులు కోసిన గడ్డిలా పొడిపొడిగా విడిపోయి ఉన్నాయి. నాలుగైదు పోగులు మాత్రం ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి. నిన్న నేత్రావతి అరచేతి మీద పని చేసినవి అవే.

హుసేనప్ప జంబన్న వైపు చూశాడు. చిదానంద వైపు చూశాడు. నేత్రావతి వైపు చూసినప్పుడు ఆమె తల దించుకుంది.

“ఆ యమ్మ చెప్పింది నిజమే సార్” అన్నాడు.

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. చిదానంద దగ్గరికొచ్చి, చీల్చినచోట కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఆయనకు అర్థం కాకపోలేదు.

“అయితే ఇన్ని కేబుళ్లు పోయేదాకా ఆ యమ్మ యాడికి పోయింది పెద్దాయనా? ముందే చెప్పకూడదా?”

“అన్ని రకాలూ చూసేదాకా ఆ యమ్మకూ తెలీలేదంట చిదానందప్పా. ఆమెదీ నా మాదిరి పల్లెబడి చదువే కదా.”

చిదానంద మీసం కింద ఏదో కదిలింది. అది నవ్వే అయి ఉండాలి. “మరి ఈ మూట?” అని కొత్తదాని వైపు చెయ్యి చూపాడు.

“గేటు దూలానికి కట్టమనింది. లారీవాళ్ల కండ్లు ఆడనే రాలిపోవల్లంట. షెడ్డులో అందరికన్నా ఎక్కువ దిష్టి నీకే అని కూడా చెప్పింది, కానీ కొత్తచొక్కా వేసుకోని ఉండావని నేను చెప్పలే.”

హుసేనప్ప పైన చుట్టి పెట్టిన మిగులు కేబుల్ని విప్పి కిందికి లాగాడు. చెడినచోటు కోసేశాడు. మళ్లీ డబ్బాకు కలిపాడు. ఉక్కును ఉక్కు చోట, రాగిని రాగి చోట. పనయ్యేదాకా ఎవరూ టీకి పోలేదు. మెయిన్ వేశాడు.

చిదానంద గొంతు సవరించుకున్నాడు. మౌనేష్ చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఏమ్మా, నిలబడినావే? ఎత్తు” అన్నాడు చిదానంద. అంతకన్నా ఎక్కువ ఆయనకు రాదు. అదే ఎక్కువ.

నేత్రావతి డబ్బా అందుకుంది. జంబన్న “ఆగు” అన్నాడు. జేబులోంచి పసుపు రాసిన నూలుదారం తీసి ఆమె కుడిచేతి మణికట్టుకు కట్టాడు. రెండు చుట్లు లేవు, మెలి లేదు. పిల్లల మొలతాడులా వదులుగా ఒక జారుముడి. అదే జేబులో పాత బైండింగ్ వైరు చేతికి తగిలింది. దాన్ని తీసి, ఎవరికీ చెప్పకుండా తుక్కు డ్రమ్ములో పడేశాడు. డ్రమ్ములో అది చేసిన చప్పుడు నేత్రావతికి వినపడింది.

ఆమె నొక్కింది.

క్రేన్ గుటకేయలేదు. గొలుసులు బిర్రబిగిశాయి. తొట్టి నేలను వదిలి మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు లేచింది. పసుపుబొట్లతో, అరటాకు తోరణంతో పెళ్లికూతురిలా షెడ్డు నడుమకు నడిచొచ్చింది. కేబులు ఆమె వెంట నీళ్లలో తాడులా మెత్తగా వంగుతూ వచ్చింది, ఎక్కడా మోకాలిలా మడత పడకుండా.

“జరగండప్పా, కాళ్లు!” అని అరిచింది అలవాటుగా. సూపర్‌వైజరు కూడా జరిగాడు.

తొట్టిని లారీ చాసిస్ మీద దించాక, గొలుసు విప్పడానికి జంబన్న వచ్చాడు. వంగి కొక్కెం తీస్తున్నాడు. నేత్రావతి డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది.

“తాతా, నిన్న కథ నడుమనే వదిలేస్తివి. మీ నాయన కొడవలి తీసుకున్నాడు. తర్వాత?”

జంబన్న గొలుసు కొక్కెంలోంచి తప్పించి, నడుం మీద చెయ్యి పెట్టి లేచాడు.

“తర్వాత ఏముండాది? కొడవలి పక్కన పడేసి, కూచోని ముడి విప్పినాడు. తెంచింటే తాడు పోయేది కదమ్మా. విప్పితే తాడు మిగిలింది, చెట్టు మిగిలింది, నది దాని దారిన అది పోయింది.”

“మొసలి?”

“మొసలిదే కథ” అన్నాడు జంబన్న, కళ్లు మళ్లీ మెరుస్తుండగా. “అది ఆ పొద్దు నుంచి మా నాయన కనపడితే చాలు, నోరు మూసుకోని దండం పెట్టేది. గొలుసు పైకి తియ్యి, చెప్తా.”

నేత్రావతి ‘పైకి’ నొక్కింది.